ఇళ్ళ మరమ్మతు సాయానికి కన్సల్టెంట్‌ను పెట్టుకోవాలా? పెట్టుకుంటే ఏ పని అప్పగించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ప్రకాశం జిల్లాలో ఒక చిన్న మున్సిపాలిటీకి మీరు మొదటిసారి కౌన్సిలర్‌గా గెలిచారు. ఒక కంపెనీ సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత నిధులు) కింద ఇస్తానన్న 1 కోటి 80 లక్షలతో 150 పాత ఇళ్ళు బాగుచేయించాలని అనుకుంటున్నారు. ఇంటికి 1 లక్షా 20 వేలు మించకుండా సాయం. ఇంతలో హైదరాబాద్ సంస్థ ఒకటి వచ్చి, దరఖాస్తు తీసుకోవడం నుంచి డబ్బు చెల్లించడం దాకా అంతా మేమే చూసుకుంటాం, ఖర్చులో 8 శాతం ఫీజు ఇవ్వండి అంది. అమెరికాలో నగరాలు కూడా ఇలాగే బయటివాళ్ళకు అప్పగిస్తాయట, మనమూ అలా చేయొచ్చా అని అడిగారు.

నేను మున్సిపల్ ఇంజినీరింగ్‌లో ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీరు) చేరి డీఈగా (డిప్యూటీ ఇంజినీరు) రిటైరయ్యాను. ఉద్యోగమంతా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోనే గడిచింది. ముందు సూటిగా జవాబు చెప్పి, తర్వాత కారణాలు రాస్తాను.

కన్సల్టెంట్‌ను పెట్టుకోండి, కానీ ఇళ్ళు చూసి, ఎస్టిమేట్ రాసి, పని తనిఖీ చేసేంతవరకే. సాయం ఎవరికి అందాలో తేల్చే పని, డబ్బు చెల్లించే పని మున్సిపాలిటీ చేతిలోనే ఉండాలి. ఫీజు శాతం లెక్కన వద్దు. బాగైన ఇంటికి ఇంత అని మాట్లాడుకోండి.

మన దగ్గర ఇంజినీర్లు ఉన్నారు కదా, బయటివాళ్ళెందుకు అని కౌన్సిల్లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2019 అక్టోబరు 2న వార్డు సచివాలయాలు మొదలైనప్పుడు వాటిలో ఎమినిటీస్ సెక్రటరీ (వార్డు ఇంజినీరింగ్ పనులు చూసేవారు), ప్లానింగ్ సెక్రటరీ పోస్టులు పెట్టారు. అయితే ఎమినిటీస్ సెక్రటరీకి కుళాయిలు, కాలవలు, వీధి దీపాలతోనే పొద్దు గడిచిపోతుంది. ఒక పాత ఇంటిని సరిగా బాగుచేయించాలంటే ఇంజినీరు కనీసం 5 సార్లు ఆ గడప తొక్కాలి. మొదట చూడటానికి, ఎస్టిమేట్ కొలతలకు, పగలగొట్టాక, పని మధ్యలో, పూర్తయ్యాక. 150 ఇళ్ళకు 750 సార్లు. ఉన్న సిబ్బందితో ఇది జరగదు. బలవంతంగా చేయిస్తే 5 సార్లు కాస్తా ఒక్కసారి అవుతుంది, మిగతా నాలుగూ కాగితం మీదే నడుస్తాయి.

ఇంకో కారణం ఉంది, నా దృష్టిలో అదే ముఖ్యం. మన ఇంజినీర్లకు కొత్త ఇళ్ళ పథకాలు బాగా అలవాటు. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకంలో సొంత స్థలంలో కట్టుకునేవాళ్ళకు కేంద్రం 1 లక్షా 50 వేలు ఇచ్చింది. పునాది, లింటెల్, శ్లాబు అని దశలు తెలిసినవే. దశ పూర్తయితే ఫోటో తీసి జియో ట్యాగింగ్ చేస్తే (ఫోటోకు ఆ చోటు గుర్తు జోడిస్తే) బిల్లు కదులుతుంది. ఆ పథకం కింద, అప్పటికే ఉన్న ఇంటిని పెంచుకోవడానికి కూడా వీలుండేది కానీ, కనీసం 9 చదరపు మీటర్లు కొత్తగా కట్టాలి. కారే మిద్దె బాగుచేసుకుంటానంటే అందులో చోటు లేదు. కాబట్టి పథకాల్లో పదేళ్ళు పనిచేసిన ఇంజినీరుకు కూడా ఉత్త మరమ్మతు పని చేయించిన అనుభవం ఉండకపోవచ్చు. కొత్త ఇల్లు ఒకే నమూనాలో వందలు కడతాం. పాత ఇల్లు దేని జబ్బు దానిదే. 150 ఇళ్ళకు 150 వేరు వేరు ఎస్టిమేట్లు రావాలి. అలా రాలేదంటే ఎవరో ఇల్లు చూడకుండానే రాశారన్నమాట.

ఇది నేను కళ్ళారా చూశాను. 2015 నవంబరు వానలకు నెల్లూరు వైపు ఎంత నష్టం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత నేను పనిచేసిన ఒక మున్సిపాలిటీలో దెబ్బతిన్న ఇళ్ళ సర్వేకి ఒక సంస్థను పెట్టారు. పదిహేను రోజుల్లో రెండొందల పైచిలుకు ఫైళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టారు. అట్టలు, ఫోటోలు అన్నీ అందంగా ఉన్నాయి. నాకు అనుమానం వచ్చి ఒక ఇరవై ఫైళ్ళు చంకన పెట్టుకుని వీధుల్లోకి వెళ్ళాను. పెంకుటింటికి శ్లాబు రిపేరు రాసి ఉంది. మూడు ఫైళ్ళలో ఒకే గోడ ఫోటో. ఒక ఇంట్లో ముసలామె, "నాయనా, ఎవరో పిల్లోడు వచ్చి గుమ్మం కాడ నిలబడి ఆధార్ కార్డు ఫోటో తీసుకుని పోయాడు, లోపలికి రాలేదు" అంది. ఆమె వంటింటి గోడ వెనక్కి ఒరిగి ఉంది. ఫైల్లో ఆ ఊసే లేదు. తప్పు ఆ పిల్లాడిది మాత్రమే కాదు. మా ఒప్పందంలో ఫారానికి ఇంత అని రాశాం. మేం ఫారాలకు డబ్బు కట్టాం, మాకు ఫారాలే వచ్చాయి.

అందుకే ఫీజు గురించి ఇంత గట్టిగా చెబుతున్నాను. 8 శాతం అంటే 14 లక్షల 40 వేలు, ఇంటికి 9,600. మొత్తం ఎక్కువా తక్కువా అన్నది తర్వాతి సంగతి, అసలు చిక్కు శాతంలో ఉంది. ఎస్టిమేట్ పెరిగితే వాళ్ళ ఫీజు పెరుగుతుంది. 70 వేలతో తీరే పనిని 1 లక్షా 20 వేలకు లాగాలన్న ఆశ ఎంత మంచివాళ్ళకైనా పుడుతుంది. నా లెక్క ఇలా ఉంటుంది. ఒక డిప్లొమా ఇంజినీరు రోజుకు 4 ఇళ్ళు శ్రద్ధగా చూడగలడు. 750 తనిఖీలంటే సుమారు 190 పనిదినాలు. ఇద్దరు కుర్రాళ్ళు, పైన అనుభవమున్న ఒక ఇంజినీరు, ఏడు నెలలు. కుర్రాళ్ళకు నెలకు 25 వేల చొప్పున 3 లక్షల 50 వేలు, పెద్దాయనకు 60 వేల చొప్పున 4 లక్షల 20 వేలు, బండి ఖర్చులు, కాగితాలు ఒక లక్ష, సంస్థకు మిగులు మరో లక్ష. అంతా కలిపి 9 లక్షల 70 వేలు, అంటే పన్నులు కాక ఇంటికి 6,500 దగ్గర తేలుతుంది. మీ ఊరి జీతాలను బట్టి అటూ ఇటూ కావచ్చు. ఎవరు ఎంత అడిగినా ఇలా మనుషులుగా, రోజులుగా విడగొట్టి చూపించమనండి. చూపించలేనివాళ్ళతో బేరం వద్దు.

ఆ 6,500 కూడా ఒకేసారి కాదు. ఎస్టిమేట్‌ను మీ ఏఈ ఒప్పుకున్నాక 1,500, పని మధ్య తనిఖీకి 1,500, పూర్తయి ఇంటివాళ్ళు సంతకం పెట్టాక 2,500, చివరి 1,000 ఒక వానాకాలం దాటాక. ఈ చివరి ముక్క ఒప్పందంలో రాయించండి. మిద్దె కారిందో లేదో చెప్పేది వానే.

ఇంటికి ఇంత అన్నప్పుడు ఇంకో ప్రమాదం ఉంది, అదీ చెప్పాలి. కన్సల్టెంట్ తేలిక ఇళ్ళు ముందు చేసి, కష్టమైనవాటిని "సాంకేతికంగా సాధ్యం కాదు" అని పక్కన పెట్టేస్తాడు. గోడ ఒరిగిన ఇల్లు, శ్లాబు ఇనుము బయటపడ్డ ఇల్లు అలాగే మిగిలిపోతాయి. దీనికి విరుగుడుగా ఇళ్ళ వరుస మీరే ఖాయం చేయండి, బరువైన పనులున్న ఇంటికి ఫీజు కొంత ఎక్కువ పెట్టండి. ఏ ఇంటినైనా కాదన్నప్పుడు మీ ఏఈ స్వయంగా వెళ్ళి చూసి సంతకం పెట్టాకే అది జాబితా నుంచి పోవాలి.

అమెరికా సంగతి అడిగారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. అక్కడ 1974 నాటి చట్టం కింద కేంద్ర ప్రభుత్వం నగరాలకు ఇచ్చే బ్లాక్ గ్రాంటు (రకరకాల పనులకు కలిపి ఇచ్చే నిధి) ఉంది. చాలా నగరాలు అందులోంచే ఇళ్ళ మరమ్మతుకు సాయం ఇస్తాయి. చిన్న నగరాలకు సిబ్బంది చాలక కన్సల్టెంట్లను పెట్టుకోవడం మామూలే. అయితే ప్రణాళిక, పరిపాలన ఖర్చులు గ్రాంటులో 20 శాతం మించకూడదని అక్కడ పరిమితి ఉంది. 1978కి ముందు కట్టిన ఇళ్ళల్లో సీసం కలిసిన పెయింటు ఉంటుందన్న భయంతో దానికి ప్రత్యేక శిక్షణ ఉన్నవాళ్ళే తనిఖీ చేయాలి. ఆ 20 శాతం చూపించి ఇక్కడ ఫీజు పెంచమంటే ఒప్పుకోకండి. వాళ్ళ నిబంధనలు, కాగితాల బరువు వేరు. మన ఆవాస్ యోజనలోనే శిక్షణ, ప్రచారం, పరిపాలన అన్నిటికీ కలిపి కేటాయింపులో 5 శాతం అనుకున్నారు. అక్కడి నుంచి తెచ్చుకోదగ్గది ఒకటుంది. కన్సల్టెంట్‌కు గానీ, కౌన్సిల్ సభ్యులకు గానీ, వాళ్ళ దగ్గరి బంధువులకు గానీ పథకంలో లాభం ఉండకూడదన్న నియమాన్ని వాళ్ళు చాలా గట్టిగా పాటిస్తారు.

మనకూ ఆ నియమం ఎంతో అవసరం. నాకు తెలిసిన ఒక చోట కన్సల్టెంట్ రాసిన ఎస్టిమేట్లన్నింటిలో ఒకే కంపెనీ రేకు, ఒకే సైజు. ఆరా తీస్తే ఆ రేకుల డీలరు ఆయన బావమరిది. కాబట్టి సామాను అమ్మేవాళ్ళతో, పని చేసే మేస్త్రీలతో తనకు సంబంధం లేదని రాతపూర్వకంగా తీసుకోండి. మీ వైపు నుంచి కూడా అదే చేయండి. మీ వార్డులో మీ చుట్టాల ఇల్లు జాబితాలో ఉంటే మీరే ముందుగా కౌన్సిల్లో చెప్పేయండి. చెప్పకపోతే రేపు 149 ఇళ్ళు బాగా చేయించినా ఊరంతా ఆ ఒక్క ఇంటి గురించే మాట్లాడుకుంటుంది.

కన్సల్టెంట్‌ను ఎలా ఎంచుకోవాలి? టెక్నికల్ మార్కులకు 70, ధరకు 30 అన్న పద్ధతి మంచిది. ఎవరు తక్కువ కోట్ చేస్తే వాళ్ళకే అంటే తనిఖీల్లో కోత పడుతుంది. అయితే టెక్నికల్ మార్కులు వేయడానికి వాళ్ళ పాత సర్టిఫికెట్లు, ప్రజెంటేషన్లు చాలవు. నేను చేసి చూసిన పరీక్ష ఒకటి చెబుతాను. ఊళ్ళో బాగా పాడైన ఒక ఇల్లు ఎంచుకోండి. పోటీకి వచ్చినవాళ్ళందర్నీ వేరు వేరుగా అదే ఇంటికి తీసుకెళ్ళి, సగం రోజు ఇచ్చి, ఏం పని అవసరమో రాయమనండి. రేపు పనిలో నిజంగా తిరిగే మనిషే రావాలి, సంస్థ డైరెక్టర్ కాదు.

ఇలా ఒకసారి ముగ్గుర్ని తీసుకెళ్ళాం. ఇద్దరు గుమ్మంలోంచే ఫోటోలు తీసుకున్నారు. మూడో ఆయన పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. వెంట ఇద్దరు శిష్యులు. జేబులోంచి చిన్న సుత్తి తీసి శ్లాబంతా తట్టుకుంటూ పోయాడు. డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా సుద్దతో గీత గీశాడు. నిచ్చెన తెప్పించి మిద్దె ఎక్కి, వాన నీళ్ళు పోయే గొట్టం ఎటు వాలుందో చూశాడు. ఇంటావిడను, "అమ్మా, ముందు ఎక్కడ కారుతుంది, వాన మొదలైన ఎంతసేపటికి?" అని అడిగాడు. ఆ ప్రశ్న విన్నాక నేను వేరేవాళ్ళ గురించి ఆలోచించలేదు. ఆయన ధర అందరికంటే కొంచెం ఎక్కువే. 60 ఇళ్ళ పని ఇచ్చాం. తర్వాతి వానలకు తిరిగి కారిన ఇళ్ళు రెండే, ఆ రెండింటినీ పిలవకుండానే వచ్చి చూసి పోయాడు.

దీనికి ఎదురుగా నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. సముద్రం దగ్గరి వార్డులో ఒక కాలనీ ఇల్లు. ఉప్పుగాలికి శ్లాబులో ఇనుము తుప్పు పట్టి ఉబ్బి, కింద పెచ్చులు ఊడుతున్నాయి. అప్పటి కన్సల్టెంట్ ఎస్టిమేట్‌లో "సీలింగ్ ప్లాస్టరింగ్, ఇన్ని చదరపు మీటర్లు" అని ఒక్క లైను రాశాడు. పనుల ఒత్తిడిలో నేను ఇల్లు చూడకుండానే సంతకం పెట్టాను. తుప్పు మీదే సిమెంటు మెత్తారు. ఏడాది తిరగకుండా పలక లాంటి పెచ్చు ఊడి మంచం మీద పడింది. ఆ మంచం మీద పడుకునే అబ్బాయి అప్పుడు బడిలో ఉన్నాడు. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. అది నాకు ఇప్పటికీ బాధే. అలాంటి చోట ముందు కింద జాకీలు, ప్రాప్స్ (శ్లాబును మోసే తాత్కాలిక ఊతాలు) పెట్టాలి. డొల్లగా ఉన్న కాంక్రీటంతా ఇనుము వెనక్కి దాకా చెక్కేయాలి. తుప్పు వైరు బ్రష్‌తో గీకి, తుప్పు ఆపే పూత వేసి, బాగా సన్నబడ్డ కడ్డీ పక్కన కొత్త కడ్డీ కట్టి, అప్పుడు పాలిమర్ మోర్టార్ (పాలిమర్ కలిపిన సిమెంటు మాలు) వేయాలి. ఖర్చు ప్లాస్టరింగ్‌కు ఎన్నో రెట్లు. మీ ఎస్టిమేట్లలో "సీలింగ్ ప్లాస్టరింగ్" అని ఒంటరి లైను కనిపిస్తే ఆ ఫైలు వెనక్కి పంపండి.

ఇక్కడే తెరిచాక బయటపడే పని సంగతి వస్తుంది. మరమ్మతుల్లో గొడవలన్నీ దీనివల్లే. పెంకులు దించాక దూలం పుచ్చిపోయిందని తెలుస్తుంది. గచ్చు తవ్వాక పునాది కిందికి నీళ్ళు పోతున్నాయని తెలుస్తుంది. ముందే ప్రతి ఇంటికి 15 శాతం పక్కన పెట్టండి. అదనపు పని ఉందని కన్సల్టెంట్ ఫోటోతో పంపితే ఏఈ రెండు రోజుల్లో వచ్చి చూసి అవునో కాదో చెప్పేయాలి. ఇంటి కప్పు దించి వారం పాటు ఆఫీసు జవాబు కోసం ఎదురుచూసే కుటుంబం పరిస్థితి ఊహించండి.

బయటి సంస్థ అయితే మన వాతావరణం గురించి ఒప్పందంలోనే రాయాలి. తెలంగాణ వైపు వానలు జూన్ నుంచి సెప్టెంబరు. మనకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జూలైలో పని ఆపేసి అక్టోబరులో కప్పులు విప్పుతామనే షెడ్యూలు నేను చూశాను. కప్పు పనులన్నీ సెప్టెంబరు ఆఖరుకు అయిపోవాలి. గాలి సంగతి కూడా అంతే. నెల్లూరుకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణంలో, ఇళ్ళు తట్టుకోవాల్సిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను చూసిన మా తరానికి ఆ అంకె ఎందుకు వేశారో చెప్పక్కర్లేదు. రేకుల ఇంటికి కొత్త రేకు వేస్తే చాలదు. అంచుల్లో హుక్కులు దగ్గర దగ్గరగా ఉండాలి, కింది పైపులు గోడకు గట్టిగా బిగించి ఉండాలి. ఎగిరిపోవడం అంచు నుంచే మొదలవుతుంది. ఇక ఒంగోలు వైపు నల్లరేగడిలో కట్టిన ఇళ్ళకు ఎండాకాలంలో పగుళ్ళు విచ్చుకుంటాయి, వానలకు మూసుకుంటాయి. పగులు పూడ్చమని మాత్రమే రాసే ఎస్టిమేట్‌కు పెట్టిన డబ్బు వృథా. గోడ చుట్టూ నీళ్ళు నిలవకుండా అరుగు, కాలవ ముందు చేయాలి.

జాబితా విషయానికొస్తే, దరఖాస్తులు వార్డు సచివాలయంలోనే తీసుకోండి. ఇల్లు ఎంత ప్రమాదంగా ఉందన్నదానికి మార్కులు కన్సల్టెంట్ వేయొచ్చు. కుటుంబం పరిస్థితికి మార్కులు మీ సిబ్బంది వేయాలి. రెండూ కలిపిన జాబితా సచివాలయం గోడకు అంటించి, 15 రోజులు అభ్యంతరాలు తీసుకుని, అప్పుడు కౌన్సిల్ ముందు పెట్టండి. దస్తావేజుల దగ్గర చాలామంది పేదలు ఆగిపోతారు. పట్టా తాత పేరున ఉంటుంది, ఇంటి పన్ను నాన్న పేరున ఉంటుంది, ఉండేది కోడలు. ఇలాంటివాళ్ళను ఎలా తీసుకోవాలో కౌన్సిలే ముందుగా తీర్మానంలో రాయాలి. కన్సల్టెంట్ ఇష్టానికి వదిలితే కాగితాలు సరిగా ఉన్నవాళ్ళే, అంటే కాస్త ఉన్నవాళ్ళే మిగులుతారు. అద్దె ఇళ్ళను మాత్రం కలపకండి. బాగుచేయించాక యజమాని అద్దె పెంచి వాళ్ళను పంపేసిన సంగతులు నాకు తెలుసు.

డబ్బు నేరుగా ఇంటివాళ్ళ ఖాతాలో పడాలి. కానీ పని అయ్యాకే ఇస్తామంటే పేదవాళ్ళు వడ్డీకి తెచ్చుకుంటారు. నేనైతే 30 శాతం ముందుగా, 40 శాతం మధ్య తనిఖీ తర్వాత, 30 శాతం పూర్తయ్యాక ఇస్తాను. మేస్త్రీని ఇంటివాళ్ళే ఎంచుకోవాలి. ఒంటరి ముసలివాళ్ళు ఉంటే వీధిలోని మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) పొదుపు సంఘం మహిళలను తోడు పెట్టండి. సిమెంటు బస్తాలు లెక్కపెట్టడంలో వాళ్ళను మించినవాళ్ళు లేరు.

ఒప్పందంలో మరి కొన్ని మాటలు. పనిలో తిరిగే ఇంజినీర్ల పేర్లు రాయించండి, మీ అనుమతి లేకుండా మార్చకూడదు. ఫోటోలు, కొలతలు, ఆధార్ వివరాలు అన్నీ మున్సిపాలిటీవే, పని అయ్యాక వాళ్ళ దగ్గర కాపీ ఉండకూడదు. పదింట ఒక ఇల్లు మీ ఏఈ చెప్పకుండా వెళ్ళి చూస్తాడు, కొలతలు తేడా వస్తే ఆ నెల ఫీజు ఆగుతుంది. మొదట 20 ఇళ్ళకే పని ఇచ్చి, అవి చూశాక మిగతా 130 ఇవ్వండి. ఆడిట్‌లో ఏమేం అడుగుతారో మీ అకౌంట్స్ ఆఫీసర్‌తో టెండరుకు ముందే మాట్లాడండి.

ఒకవేళ డబ్బు తగ్గి ఇళ్ళు నలభై లోపుకు వస్తే సంస్థ అక్కర్లేదు. రిటైరైన ఒక ఏఈని, ఒక డిప్లొమా కుర్రాణ్ణి ఆరు నెలలకు కాంట్రాక్టు మీద తీసుకోండి, సరిపోతుంది.

మీ ఊళ్ళో ఎక్కువ ఏ ఇళ్ళో, పెంకుటిళ్ళా, రేకులా, పాత శ్లాబులా, నేల రేగడా ఇసుకా అన్నది రాయండి. మేం వాడిన తనిఖీ ఫారం, మూడు రకాల ఇళ్ళకు ఎస్టిమేట్ నమూనాలు ఇక్కడే పెడతాను.